తలకట్టు

కోఠీ ఫుట్‌పాత్ మీద
హ్యాంగరుకు వేలాడుతూ కనిపించింది
నేను గీసిన గడియారాల కొట్టు.
నల్ల టీషర్టు మీద తెల్ల గీతల్లో
అదే ముసలాయన, కంటికి బిగించిన అదే భూతద్దం,
వెనక గోడకు పద్నాలుగు గడియారాలు,
ఒక్కోదాంట్లో ఒక్కో టైము.

అఫ్జల్‌గంజ్‌లో మూడు ఆదివారాలు
స్టూలు మీద కూర్చుని గీశాను దాన్ని.
ఖుద్రత్ సాబ్ గంటకోసారి చాయ్ తెప్పించేవాడు.
రాత్రి పదకొండుకి ఫోన్లో పెట్టేశాను, ఉన్నదున్నట్టు.
జూమ్ చేస్తే ఆయన కనుబొమ్మలో
వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.
ఎర్ర గుండెలు వందల్లో వచ్చి వాలాయి.
తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, సంతోషానికే.

"ఎంత?"
"రెండొందల యాభై అక్కా. ఒరిజినల్ డిజైన్."

బేరమాడాను.
గీతలు వంకరగా ఉన్నాయన్నాను,
ముసలాయన మొహం కుదరలేదన్నాను.
నా బొమ్మను నేనే అంతలేసి మాటలని
నూట ఎనభైకి దించాను.
పిల్లాడు మెడ మీద చెమట తుడుచుకున్నాడు.
బేగంబజార్లో కట్టలు ఎత్తుకొచ్చి అమ్ముకునేవాడు,
వాడికేం తెలుసు?
అరుద్దామని తెరిచిన నోటితో
"కవర్ ఉందా" అని అడిగాను.

కుడివైపు కింది మూల,
నా పేరుండాల్సిన చోట, ఏమీ లేదు.
మంగలి షాపులో చెవి వెనక గీసినంత
నున్నగా కోశారు.

మా నాన్న ఎల్లేశం బోర్డులు రాసేవాడు.
ముషీరాబాద్ నుంచి చిక్కడపల్లి దాకా
కిరాణాలు, టైలర్లు, ఒక హోమియో డాక్టరు.
ప్రతి బోర్డు మూలన చిటికెన వేలంత 'ఎల్లేశ్ ఆర్ట్స్'.
పైసలిచ్చినంక సేట్లు
దాని మీద ఇంత రంగు పూయించేవాళ్లు.
ఓరోజు కుంచె కిరసనాయిల్లో ముంచుతూ అన్నాడు:
"మూలకు రాస్తే మూలకే కోస్తరు బిడ్డా."

ఆ తర్వాత ఏ బోర్డు రాసినా
నడిమి అక్షరం తలకట్టు కొంచెం లేపి
పిచ్చుక ముక్కులా వంచేవాడు.
అది తియ్యాలంటే అక్షరం తియ్యాలి,
అక్షరం తీస్తే దుకాణం పేరే పోతుంది.

సికింద్రాబాద్ బస్సులో కవరు విప్పి చూశాను.
గడియారాల కొట్టు పైన బోర్డు:
బాగుచేయబడును.
నట్టనడుమ 'య' నెత్తి మీద
పిచ్చుక ముక్కు.
నాకు తెలియకుండా నా చెయ్యి గీసింది,
వాడికి తెలియకుండా దొంగ మోసుకొచ్చాడు.
నారాయణగూడ దాటిందాకా
కండక్టరు నన్నే చూస్తున్నాడు, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో అని.

కాలరు లోపలి చీటీ మీద కంపెనీ పేరుంది.
ఫిర్యాదు పెట్టాను.
మీదేనని రుజువేదీ అన్నారు.
రాంనగర్లో మూతపడ్డ ఇస్త్రీ కొట్టు మీద
నాన్న చివరి బోర్డు ఇంకా ఉంది.
దాని ఫోటో, నా పెన్సిల్ చిత్తులు, తేదీలు,
తలకట్టు పక్కన తలకట్టు పెట్టి పంపాను.
'పరిశీలనలో ఉంది' అని జవాబు.
నలభై రోజులైంది.

ఇప్పుడు చిన్న సైజులోనే పెడుతున్నాను.
సంతకం మూలన కాదు, బొమ్మ గుండెల మీదుగా.
ఎవరో రాశారు:
"పేరు అడ్డమొస్తోంది మేడం, బొమ్మ సరిగా కనబడట్లే."
అడ్డం రావడానికే అండీ.

షర్టు పట్టుకుని అఫ్జల్‌గంజ్ వెళ్లాను.
ఖుద్రత్ సాబ్ భూతద్దం తియ్యకుండానే
తన మొహాన్ని తాను చాలాసేపు చూసుకున్నాడు.
"చూడండి సాబ్, ఒక్క మాట అడగలేదు నన్ను!"
అన్నాను, గొంతు వణుకుతుంటే.

ఆయన షర్టును నాలుగు మడతలు వేసి
నా చేతిలో పెట్టాడు.
"నువ్వు అడిగినావా బేటీ, నన్ను?"

కోపంగా కాదు.
అని, మళ్లీ ఎవరిదో వాచీ మీదికి వంగాడు.
బల్ల మీద
నాకోసం తెప్పించిన చాయ్.